దాల్చినచెక్క చిల్లీ, వెనిగర్ బార్బెక్యూ

కాంట్రాక్టు ఉద్యోగం కారణంగా అమెరికాలో ఊళ్లు మారుతూ వచ్చిన నాకు, ఏ కొత్త ఊళ్లోనైనా ఆదివారం పైసా ఖర్చు లేకుండా గడపగలిగిన చోటు అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణమే. నడిచి ఆకలి వేశాక, ఆ ఊరివాళ్లు తమదని చెప్పుకునే తిండిని వెతుక్కోవడం కూడా దాని వెంటే అలవాటైంది.

మొదటి మజిలీ ఒహాయోలోని సిన్సినాటి. అక్కడి విశ్వవిద్యాలయంలో పీటర్ ఐసెన్‌మన్, ఫ్రాంక్ గెహ్రీ వంటి పేరున్న ఆర్కిటెక్టులు ఒక్కొక్కరు ఒక్కో తీరున రూపొందించిన భవనాలున్నాయి. వాటిని మెచ్చుకున్నాను గానీ, వాటి నీడన కాసేపు కూర్చోవాలని ఎన్నడూ అనిపించలేదు. ఆ ఊరివాళ్లు తమదని చెప్పుకునే చిల్లీ అనే మాంసం వంటకం సంగతి వేరు. పేరు విని గుంటూరు కారాన్ని ఊహించుకుని వెళ్తే, స్పఘెట్టీ మీద పలుచగా పోసిన కైమా, దానిపై గుప్పెడు చీజ్ తురుము వచ్చాయి. నోట్లో పెట్టుకోగానే తగిలింది దాల్చినచెక్క. స్పఘెట్టీని ఫోర్కుకు చుట్టబోతుంటే సహోద్యోగి ఆపి, ఫోర్కు అంచుతో కోసుకుని తినాలని చూపించాడు. 1922లో అక్కడ కొట్టు తెరిచిన మాసిడోనియా వలసదారులు, కిరాద్జియెఫ్ సోదరులు, అలవాటు చేసిన రుచి అది. బయటి నుంచి వచ్చినవాళ్ల మసాలా ఒక ఊరి సొంత వంటగా నిలిచిపోవడం ఆ రోజుల్లో నాకెంతో ధైర్యాన్నిచ్చింది.

తరువాత నార్త్ కరొలైనా. డర్హంలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 210 అడుగుల గోపురమున్న చాపెల్ అనే ప్రార్థనామందిరాన్ని హిల్స్‌బరో దగ్గరి క్వారీ రాయితో కట్టారు. వాన వెలిశాక దగ్గరగా చూస్తే ఒకే గోడలో నీలిబూడిద, తుప్పురంగు రాళ్లు విడివిడిగా తేలి కనిపిస్తాయి. అయినా నా మనసు దోచింది పక్క ఊరైన చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయ ప్రాంగణమే. 1795 నుంచి విద్యార్థులు తిరిగిన ఆ నేల మీది ఇటుక దారులు, పాత బావిపై తెల్లని గుండ్రటి మంటపం, ముసలి చెట్లు మనిషిని కూర్చోమంటాయి.

ఆ రాష్ట్రంలో బార్బెక్యూ అంటే పందిమాంసమే. లెక్సింగ్టన్ వైపు భుజం మాంసం కాల్చి, సాస్‌లో కొంత కెచప్ కలుపుతారు. తూర్పున పందిని మొత్తంగా కాల్చి, వెనిగర్‌లో ఎండుమిరప వేసి చల్లుతారు. నేను తూర్పు పక్షం. పొగవాసన పట్టిన మాంసం తరుగు మీద ఆ పలుచని ధార పడగానే, పచ్చిపులుసులో కాల్చిన ఎండుమిరపకాయ నలిపినప్పటి ఘాటు ముక్కుకు తగిలింది. ఆ కొట్టు వెనుక, కట్టెలను బొగ్గులయ్యేదాకా కాల్చి, నిప్పులను పారతో మాంసం కిందికి చేరుస్తూ రాత్రంతా మేలుకునే మనిషిని చూసినప్పుడు, పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర తెల్లవార్లూ కూర్చునే మన వంటవాళ్లే కళ్లముందు మెదిలారు.

ఇప్పుడుంటున్నది టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో. చిల్లీ 1977 నుంచి టెక్సస్ అధికారిక వంటకం. అందులో బీన్స్ వేయడాన్ని ఇక్కడివాళ్లు ఒప్పుకోరు. ఎండుమిరపకాయలను నానబెట్టి, రుబ్బి మాంసంలో కలిపే ఆ పద్ధతి నాకు కొత్తేమీ కాదు. మొన్న ఇంటి నుంచి వచ్చిన తేజ మిరపకాయలతో వండి ఆఫీసుకు తీసుకెళ్లాను. గిన్నె ఖాళీ అయ్యాక, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మా పెద్దాయన ఒకరు చెమట తుడుచుకుంటూ, ఆ కాయ పేరు రాసివ్వమని కాగితం ముందుకు జరిపారు.