చివరి యాభై అడుగులు

జూలై, ఆదివారం.

పొద్దున్నుంచి ముసురు. ఉతికిన బట్టలు వరండాలో తాడు మీద నిన్నటిలాగే తడిగా వేలాడుతున్నాయి. పెసరట్ల పని అయ్యాక పదో తరగతి స్లిప్ టెస్ట్ పేపర్లు కొన్ని దిద్దాను. అత్తయ్య దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు గొడుగులు వేసుకుని వానలోనే వచ్చేశారు. ముందు గదిలో సరళీ స్వరాలు మొదలయ్యాయి. నేను వెనక గదిలోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

విమానం దింపడం నేర్చుకునేవాళ్లకు ఇలాంటి రోజు దొరకడం అదృష్టం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అప్పటికప్పుడు బయట ఉన్న వాతావరణాన్నే తెచ్చుకోవచ్చు. వానాకాలంలో హైదరాబాదుకు గాలి పడమటి నుంచి వీస్తుంది కనుక శంషాబాద్ విమానాలు ఆ గాలికి ఎదురుగా, తూర్పు నుంచి వచ్చి దిగుతాయి. ఆదిభట్ల వైపు నుంచి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా, 27ఎల్ రన్‌వే మీదికి, అంటే పక్కపక్కన ఉన్న రెండింటిలో ఎడమ దాని మీదికి. దాని పొడవు 4,260 మీటర్లు. అంత పొడవు చూస్తే మనసుకు ధైర్యంగా ఉంటుంది కానీ, దిగే పని ఆ పొడవులో ఎక్కడో జరగదు. మొదటి కొన్ని వందల మీటర్లలోనే జరగాలి. రన్‌వే అంచు నుంచి 400 మీటర్ల దగ్గర వేసిన రెండు వెడల్పాటి తెల్ల పట్టీల మీద చూపు నిలిపి రావాలి.

నేను నడిపేది ఎయిర్‌బస్ ఏ320. ఫ్లైబైవైర్ అనే స్వచ్ఛంద బృందం తయారుచేసి ఉచితంగా ఇస్తున్న నమూనా. ఇంత శ్రద్ధగా చేసి కూడా రూపాయి అడగని ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటులో కాబట్టి విమానాన్ని వంచే చిన్న కర్ర, సైడ్‌స్టిక్, ఎడమ చేతికి, ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్లు కుడి చేతికి వస్తాయి. నాది కుడిచేతి వాటమే అయినా జాయ్‌స్టిక్‌ను బల్లకు ఎడమ పక్కనే పెట్టుకున్నాను. ఎడమ చెయ్యికి పాత అలవాట్లు తక్కువ. చెప్పినంతే చేస్తుంది, తొందరపడదు.

ఇవాళ చాలాసేపు కన్ను ఎత్తు సరిచూసుకోవడానికే పట్టింది. అసలు విమానంలో ముందు అద్దాల మధ్య చిన్న గుండ్లు ఉంటాయి, రెండు ఎరుపు, ఒకటి తెలుపు. ఎర్ర గుండు తెల్ల గుండును కప్పేసే దాకా పైలట్ సీటును సవరించుకుంటారు. అప్పుడు ఏ పైలట్ కూర్చున్నా కన్ను ఒకే చోట ఉంటుంది. ఇంట్లో సీటు బదులు కెమెరాను జరుపుకోవాలి. దాన్ని పైకి జరిపితే రన్‌వే ఎక్కువగా కనిపించి హాయిగా ఉంటుంది. కానీ నేల ఎంత దూరంలో ఉందన్న అంచనా మారిపోతుంది. కెమెరాను ఒక చోట స్థిరపరిచి ఇక కదపకూడదు. మబ్బుల నాణ్యత కూడా తగ్గించుకున్నాను. నేలకు దగ్గరైన ఆ నాలుగైదు సెకన్లలో బొమ్మ ఒక్కసారి ఆగి కదిలినా చెయ్యి లెక్క తప్పుతుంది. మబ్బుల అందం కన్నా బొమ్మ నిలకడగా కదలడమే నాకు ముఖ్యం.

లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి, ఈ దిగుదలలో నాకు అన్నిటికన్నా నచ్చేది మూడు డిగ్రీల వాలు. ప్రపంచంలో చాలా రన్‌వేలకు అదే కోణం. త్రికోణమితి పాఠంలో పిల్లలకు 30, 45, 60 డిగ్రీలే ఇస్తాం. మూడు డిగ్రీల టాన్ విలువ సుమారు 0.0524 అని, దానితోనే రోజూ వేల విమానాలు నేలకు చేరుతున్నాయని చెబితే వాళ్ల ముఖాలు ఎలా మారతాయో ఈ ఏడాది చూడాలి. కాక్‌పిట్‌లో ఆ గుణకారం చేసే తీరిక ఉండదు కనుక పైలట్లకు ఒక సులువు సూత్రం ఉంది. నేల మీద వేగాన్ని నాట్లలో (గంటకు ఎన్ని నాటికల్ మైళ్లో చెప్పే కొలత) తీసుకుని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. ఇవాళ ఎదురుగాలి వల్ల ఆ వేగం 130 దగ్గర నిలిచింది. అంటే నిమిషానికి 650 అడుగులు, సెకనుకు దాదాపు 11.

సెకనుకు 11 అడుగుల చొప్పున కిందికి వస్తున్న డెబ్బై టన్నులకు దగ్గరి బరువును నేల తాకే లోపల సెకనుకు రెండు మూడు అడుగులకు తేవాలి. మెత్తగా దిగడమంటే ఇదే. ఇందుకు ఉన్న చోటు చివరి ముప్ఫై అడుగులు.

ఏ320లో ఇక్కడ ఒక ఏర్పాటు ఉంది. తలచుకున్న ప్రతిసారీ దాన్ని ఆలోచించినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. యాభై అడుగుల దగ్గర కంప్యూటర్లు ముక్కు ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకుంటాయి. ముప్ఫై నుంచి, మెల్లగా, ఎనిమిది సెకన్లలో ముక్కును రెండు డిగ్రీలు కిందికి చూసే దాకా వంచడం మొదలుపెడతాయి. పైలట్ దానికి ఎదురుగా స్టిక్‌ను వెనక్కి లాగాలి. మామూలు విమానాల్లో వేగం తగ్గుతున్నప్పుడు ముక్కు సహజంగానే బరువెక్కుతుంది, పైలట్ చెయ్యి దాన్ని పట్టి నిలుపుతుంది. ఈ విమానానికి ఆ స్వభావం లేదు కాబట్టి, పైలట్ చేతికి తెలిసిన ఆ అనుభవాన్ని కావాలనే తిరిగి కల్పించారు.

ఆ లాగడం ఎంత, ఎప్పుడు? సీటులో కూర్చున్నవాళ్లకు నడుము చెబుతుంది. పక్క అద్దాల్లోంచి జారిపోయే గడ్డి, దీపాలు కంటి చివరలకు చెబుతాయి. నా ముందు ఒకే ఒక తెర. నడుము కింద ప్లాస్టిక్ కుర్చీ కదలదు, మెదలదు. అందువల్ల ఇంటి సిమ్యులేటర్‌లో నేర్చుకునేవాళ్లకు ఈ చివరి ఘట్టం అసలు విమానం కన్నా ఒక విధంగా కష్టమని నా అభిప్రాయం. తెర మీద కూడా పనిచేసేది ఒకటుంది. ముప్ఫై అడుగుల దగ్గర చూపును ఆ తెల్ల పట్టీల నుంచి ఎత్తి రన్‌వే చివరి కొసకు పంపాలి. దగ్గర చూస్తే అంతా మీదికి దూకుతున్నట్టే ఉంటుంది. దూరం చూస్తే రన్‌వే రెండు అంచులూ విచ్చుకుంటూ పక్కలకు పరచుకోవడం తెలుస్తుంది. ఆ విచ్చుకోవడంలోనే ఎత్తు ఉంది.

అయితే ఆ చూపు కూడా మోసపోతుంది. శంషాబాద్ పెద్ద రన్‌వే వెడల్పు 60 మీటర్లు. విశాఖపట్నానిది 45. వెడల్పు రన్‌వే మీదికి వస్తుంటే నేల అప్పుడే దగ్గరకు వచ్చేసిందనిపించి ముందుగానే ముక్కు ఎత్తబుద్ధవుతుంది. సన్నటి దాని మీద ఇంకా ఎత్తులోనే ఉన్నామనిపిస్తుంది. అందుకే భోజనం తరువాత ఇవాళ కావాలని విశాఖకు మారాను. సముద్రం మీద నుంచి, ఎడమ పక్కన డాల్ఫిన్ నోస్ కొండ, కింద ఓడరేవు, ఎదురుగా 28వ రన్‌వే. ఊరు సముద్ర మట్టానికి దగ్గరగా ఉండటం వల్ల గాలి చిక్కన. శంషాబాద్ 2,000 అడుగుల ఎత్తున ఉంది. వేగం ముల్లు ఒకే అంకె చూపించినా, గాలి ఒకేలా ఉన్నా, అక్కడ నేల మీద వేగం దాదాపు నాలుగు నాట్లు ఎక్కువ. ఈ రెండు ఊళ్లనూ ఒకే మధ్యాహ్నం పక్కపక్కన పెట్టి చూస్తే గాని కన్ను ఎంత సులువుగా ఊరిని బట్టి మారిపోతుందో తెలియదు.

మారనిది చెవి. రేడియో ఆల్టిమీటర్ చక్రాల కింద ఉన్న నేలనే కొలుస్తుంది, ఊరి ఎత్తుతో దానికి పని లేదు. కొలిచి, గొంతెత్తి చెబుతుంది: ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ట్వంటీ, రిటార్డ్. చివరి మాటకు థ్రస్ట్ లీవర్లను పూర్తిగా వెనక్కి తీయాలి. చాలాకాలం ఆ మాటలను అంకెలుగా విన్నాను. వాటి మధ్య ఖాళీని వినడం ఈ వానాకాలంలో వచ్చింది. సెకనుకు 11 అడుగులు దిగుతుంటే అంకెకూ అంకెకూ మధ్య సెకను కూడా ఉండదు. స్టిక్ సరిగ్గా పట్టితే థర్టీ తరువాత ఖాళీ సాగుతుంది. ఒకే ఎడంతో వస్తుంటే ఇంకా కొంచెం లాగమని అర్థం. థర్టీ తరువాత ఎంతకీ ట్వంటీ రాకపోతే విమానం తేలిపోతోందని.

పిల్లలు వెళ్లాక అత్తయ్య కాఫీ తెచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆమె తెర వైపు చూడలేదు.

“ఏమ్మా, ఇందాక అన్నీ రెండో కాలంలో వచ్చాయి. ఇప్పుడు మొదటి కాలంలోకి దించావు” అన్నారు. సంగీతంలో రెండో కాలమంటే మొదటి దానికి రెట్టింపు వేగం.

“అత్తయ్యా, మీకు అక్కడి నుంచి వినిపిస్తోందా?”

“వినిపించకేం. ఆ చివరి అంకెలు రెండూ విడివిడిగా పలికినప్పుడు నువ్వు ఊపిరి వదులుతావు. అదీ వినిపిస్తుంది.”

తరువాత వచ్చిన దిగుదలకు ఆమె తలుపుకు ఆనుకుని, అరచేతి మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నారు. ఫిఫ్టీ, ఫార్టీ మీద వేళ్లు ఒకే నడకలో పడ్డాయి. థర్టీ తరువాత ఆమె చెయ్యి గాలిలో ఆగి, మాట కోసం ఎదురు చూసింది. నాకు కావలసిన ఎడం ఎంతో ఆ చెయ్యి చూపించింది. ఏళ్ల తరబడి పిల్లలకు లయ నేర్పిన చెవికి విమానం కొత్త కాదు.

ఆమె వెళ్లాక ఎడ్విన్ లింక్ గురించి ఆలోచించాను. 1929లో అమెరికాలో విమాన చోదన నేర్పే యంత్రాన్ని తయారుచేసినప్పుడు అతను వాడింది గాలి తిత్తులు. అతని తండ్రి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం నడిపేవారు. వాద్యాల గాలి తిత్తులే ఆ చెక్క విమానాన్ని అటూ ఇటూ వంచాయి. 1934లో చెడు వాతావరణంలో టపా మోసుకెళ్తూ సైనిక పైలట్లు వరుసగా చనిపోయాక, అమెరికా సైన్యం ఆ యంత్రాలు ఆరు కొన్నది. అందులో పైన మూత వేసేవారు. బయటి ప్రపంచం కనిపించదు, ముళ్లను చూస్తూ నడపాలి. ఆ సిమ్యులేటర్ వాద్యాల కర్మాగారం నుంచి వచ్చిందన్న సంగతి అత్తయ్యకు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చాలా సంతోషించారు.

సాయంత్రం వాన పెరిగాక మళ్లీ శంషాబాద్. రన్‌వే నిండా తడి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది, రాసి పెట్టుకుంటున్నాను. దిగిన తరువాత నిమిషానికి ఎన్ని అడుగుల వేగంతో నేలను తాకామో ఒక అంకె చూసుకోవచ్చు. చాలామంది దాన్ని వందకు, ఇంకా కిందికి తేవడమే నైపుణ్యం అనుకుంటారు. ఆ అంకె కోసం విమానాన్ని నేల మీద తేలుస్తూ కూర్చుంటే ప్రతి సెకనుకూ 65, 70 మీటర్ల రన్‌వే వెనక్కి పోతుంది. తడి నేల మీద అది ఇంకా చెడ్డది. చక్రం నీటి పొరను చీల్చుకుని నేలను పట్టుకోవాలి, తిరగాలి. రెండు పక్కల చక్రాలూ బరువు తీసుకుంటే గాని రెక్కల మీద పైకి లేచే పలకలు, స్పాయిలర్లు, పూర్తిగా లేవవు. అవి లేస్తేనే బరువు రెక్కల నుంచి చక్రాల మీదికి దిగి బ్రేకులు పనిచేస్తాయి. దిగగల గరిష్ఠ బరువుతో సెకనుకు 10 అడుగులు, అంటే నిమిషానికి 600 అడుగుల వేగంతో తాకినా చట్రం తట్టుకోవాలన్నది ఈ విమానాల నిర్మాణ నియమం. ఇవాళ వానలో నా అంకె 240. తెల్ల పట్టీల దగ్గర, మధ్య గీత మీద, సరైన వేగంతో, ఒక్క గట్టి స్పర్శ. ఈ రోజు దిగిన వాటిలో మంచిది అదే. విశాఖలో 110 వచ్చినది దాని తరువాతే.

ఇక పాదాల పని మిగిలింది. గాలి నైరుతికి తిరిగినప్పుడు విమానం ముక్కును ఎడమకు, గాలి వైపు పెట్టి పక్కవాటుగా వస్తుంది. ముక్కు ఎత్తుతూ ఉండగానే కుడి పెడల్ నొక్కి దాన్ని మధ్య గీతకు తిప్పాలి, ఎడమ రెక్క లేవకుండా స్టిక్‌ను ఇసుమంత ఎడమకు పట్టాలి. ఒకే చేత్తో వెనక్కి, ఎడమకు, అదే క్షణంలో కుడి పాదంతో ముందుకు. ఇప్పుడు పెడల్ మీద ధ్యాస పెడితే థర్టీ తరువాతి ఖాళీ చెవికి అందడం లేదు. వచ్చే వారం రెక్కా ముక్కూ వదిలేసి, ఒట్టి పాదం పనినే థర్టీ అనే మాటకు కట్టి సాధన చేస్తాను. అది కుదిరితే రాత్రి పూట గన్నవరం, రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతం ఐఎల్‌ఎస్ లేకుండా, వాలు సరిగ్గా ఉందని చెప్పే, రన్‌వే పక్కన రెండు ఎర్ర దీపాలు, రెండు తెల్ల దీపాలు చూసుకుంటూ. అత్తయ్య పుట్టిల్లు బెజవాడే కనుక ఆ రోజు కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నారు.