పక్కగదిలో సూది

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. పార్వతీపురం పెళ్ళిళ్ళలో మా పిల్లల్ని ఒడిస్సా పిల్లలంటారు, ఇక్కడి బళ్ళో తెలుగోళ్ళంటారు. ఆ మాటలకి అలవాటుపడ్డాం. అలవాటుపడనిది మా అమ్మాయి సుగరుకి.

పదకొండో ఏట టైప్ 1 అని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, మాత్రలతో కుదరదు, రోజుకి నాలుగు సూదులు. రేపు సంబంధాలు రావాలి కదా అని చుట్టాలకి చెప్పలేదు. పెళ్ళిలో బంతి వేసే వేళకి దాన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి, గడియ పెట్టి, ఓణీ జరిపి పొట్టలో సూది వేయించేదాన్ని. అది దాచుకోవాల్సిన పని అని దానికి నేర్పింది నేనే.

బరంపురం హాస్టల్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చాటు దొరకని పూట సూది మానేసేది. తర్వాత్తర్వాత, చాటున్నా మానేసింది. నేను ఫోన్లో "ఎంతుంది?" అంటే 140 అనేది. 300 అంటే తిడతానని భయం. తిట్టేదాన్నే.

ఒక రాత్రి వాంతులు, కడుపునొప్పి. తిన్నది పడలేదనుకున్నారు. తెల్లారేసరికి ఆయాసం. ఎమర్జెన్సీ వార్డులో నేను వంగి నుదురు ముట్టుకుంటే దాని ఊపిరిలో బాగా మాగిన పండు వాసన. ఇన్సులిన్ అందక ఒళ్ళు కొవ్వుని కరిగించుకుంటుంటే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి, ఆ వాసన వాటిదేనట. రెండు రోజులు సెలైను, ఇన్సులిన్ డ్రిప్పు, సుగరు చూడ్డానికి గంటగంటకీ వేలిపోటు.

డాక్టరమ్మ తిట్టలేదు. మంచం పక్కన కూర్చుని, ఎన్నాళ్ళ నుంచి మానేశావమ్మా అని ఒడియాలో అడిగింది. "మొనొ భొలొ లాగుని" అంది మా అమ్మాయి. మనసు బాగుండటం లేదని. ఆ మాట నాతో తెలుగులో ఒక్కనాడూ అనలేదు. మా ఇంటి తెలుగులో అంకెలున్నాయి, అన్నం ఉంది, దాని మనసుకే చోటు లేకపోయింది.

ఈ జబ్బున్న పిల్లల్లో దిగులు మిగతావాళ్ళకన్నా ఎక్కువని, సుగరొక్కటీ దించి పంపేస్తే మళ్ళీ ఇదే వార్డుకి వస్తారని ఆవిడే చెప్పింది. ఇప్పుడు మా అమ్మాయి మానసిక వైద్యుడి దగ్గరికీ వెళ్తోంది. మధ్యలో బరువనిపిస్తే, మనసు బాగోనివాళ్ళకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తుంది, డబ్బులక్కర్లేదు. తెలుగులో మాట్లాడుతుందో ఒడియాలోనో నేను అడగను.

మొన్న మాఘమాసం పెళ్ళిలో బంతిలోనే ఇన్సులిన్ పెన్ను తీసింది. "ఏటే అది?" అంది మా పిన్ని. నోరు తడారిపోయింది గానీ నేనే చెప్పాను. పిన్ని చేతిలో ముద్ద ఆగిపోయింది. మా అమ్మాయి పెన్నుకి మూతపెట్టి, పప్పు కలుపుకోవడం మొదలుపెట్టింది.