మహాలయ పక్షాలూ, టెర్రీ ఫాక్స్ పరుగూ

కెనడాలో బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళల్లో సెప్టెంబరు అంటే టెర్రీ ఫాక్స్ నెల. ఫలానా రోజు పరుగు ఉంది, క్యాన్సర్ పరిశోధనకు వీలైతే రెండు డాలర్ల నాణెం ఇచ్చి పంపండి అని బడి నుంచి కబురు వస్తుంది. ఆ పరుగులో గెలిచేవాళ్ళుండరు, బహుమతులుండవు. ర్యాంకుల మధ్య పెరిగిన మనకు అదొక్కటే కొత్తగా ఉంటుంది. నాణెం చేతిలో పెట్టి పంపేస్తాం, అంతే.

పిల్లలకు మాత్రం టెర్రీ ఫాక్స్ అనే ఆ కుర్రవాడి కథ కంఠతా వచ్చు. 1977లో, 18 ఏళ్ళ వయసులో, ఎముక క్యాన్సర్ వల్ల టెర్రీ కుడికాలిని మోకాలి పైదాకా తీసేశారు. రెండేళ్ళ ముందైతే బతికే అవకాశం 15 శాతమే ఉండేదనీ, పరిశోధన వల్ల ఇప్పుడది 50 శాతానికి పెరిగిందనీ వైద్యులు చెప్పారట. ఆ తేడా అతని మనసులో నాటుకుపోయింది. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలును అట్లాంటిక్ నీళ్ళలో ముంచి, దేశాన్ని దాటాలని పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. థండర్ బే దగ్గర, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలి ఆగిపోయాడు. 1981 జూన్‌లో 22 ఏళ్ళకే కన్నుమూశాడు. క్యాన్సర్ పరిశోధనకు తలా ఒక డాలరు ఇమ్మని దేశాన్ని అడిగాడు; అతను బతికుండగానే విరాళాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అప్పట్లో కెనడా జనాభా అంతే.

పరుగు రోజున పిల్లలు చొక్కాకు ఒక స్టిక్కరు అంటించుకుంటారు. ఎవరి కోసం పరుగెత్తుతున్నారో దాని మీద రాసుకోవాలి. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు ‘అమ్మమ్మ’ అని రాసుకుంటానంది. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి చందాలు అడుగుతానంది. ఆ వెంటనే, “అమ్మమ్మకు వచ్చింది ఏ క్యాన్సర్?” అని అడిగింది.

మా అమ్మకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. చేతికి గడ్డ తగిలినా చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చికిత్స జరుగుతున్నన్నాళ్ళూ చుట్టాలకు ‘నీరసం’ అనే చెప్పాం. పోయాక కూడా ‘పెద్ద జబ్బు’ అనే మాటతోనే సరిపెట్టుకున్నాం. ఆడవాళ్ళ ఒంటికి వచ్చిన జబ్బును ఇంటి గుట్టులా దాచడం మా దగ్గర మర్యాద. ఆ మర్యాదే చాలామంది తల్లులను ఆలస్యంగా ఆసుపత్రికి చేర్చింది. అందుకే మా అమ్మాయికి అంతా వివరంగా చెప్పాను.

ఆ సాయంత్రం ప్రతి గుమ్మం దగ్గరా అది ఒకటే మాట చెప్పింది. “మా అమ్మమ్మ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. పరిశోధనకు ఏమైనా ఇవ్వగలరా?” ఒక పోర్చుగీసు పెద్దావిడ దాన్ని లోపలికి పిలిచి తన చెల్లెలి ఫోటో చూపించింది. ఇక్కడి తెలుగు కుటుంబాల వాళ్ళు డబ్బు పంపడమే కాదు, నాకు విడిగా ఫోన్లు చేశారు. “మా అత్తగారికీ అదేనండీ, మేము కామెర్లని చెప్పుకున్నాం” అంది ఒకావిడ.

హైదరాబాదులో ఉన్న అన్నయ్యకు ఇది అస్సలు నచ్చలేదు. “అమ్మ పేరు చెప్పి ఇంటింటికీ తిరిగి అడుక్కోవడమేమిటి? మన చేత్తో నలుగురికి అన్నం పెట్టాలి గానీ!” అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. ఇంచుమించు అవే రోజుల్లో మహాలయ పక్షాలు వస్తాయి. అవిధవా నవమి నాడు అన్నయ్య అమ్మకు పెట్టవలసినవన్నీ శ్రద్ధగా పెడతాడు, స్వయంపాకం ఇస్తాడు. అది మాకు ఎంతో విలువైనది, ఆపమని నేనెప్పుడూ అనను. కానీ “ఆ డబ్బంతా కెనడా వాళ్ళకేగా” అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

అమ్మ మందుల చీటీల్లో మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఉండేది. దాని వెనక ఉన్నది అమ్మ పుట్టింటివైపు మనిషే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలయ్యారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు వాడే మందుల్లో అదొకటి. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులను కూడా అక్కడే తయారుచేశారు. అందులో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను టెర్రీకి వచ్చిన రకం ఎముక క్యాన్సర్‌కు ఈనాటికీ వాడుతున్నారు. భీమవరం కుర్రవాడి పని బోస్టన్ పిల్లలకు, అక్కడి నుంచి మా అమ్మకు చేరింది. ఇక్కడ మా వీధిలో పోగైన డాలర్లు రేపు గుంటూరులో ఎవరికి అందుతాయో ఎవరు చెప్పగలరు?

అన్నయ్య ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు. కానీ నెల తిరక్కుండా ఇంటర్ చదువుతున్న వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. “అత్తా, నానమ్మకు ఏ వయసులో వచ్చింది? డాక్టరు గారు మన ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే నాన్న మాట్లాడలేదు” అంది. వయసు, ఏ వైపు వచ్చిందో, ఎంత ఆలస్యంగా తెలిసిందో, ఏ మందులు వాడారో అన్నీ చెప్పాను. అన్నీ రాసుకుంది.