పైపు తీశాక, రిపోర్టు రాకముందు

హైదరాబాదులో క్యాన్సర్ వచ్చిన ప్రొస్టేట్ గ్రంథిని (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండేది) మొత్తం తీసేసి నన్ను కర్నూలుకు పంపేటప్పటికి యూరిన్ పైపు ఇంకా లోపలే ఉంది. కారులో దాదాపు 210 కిలోమీటర్లు. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి మళ్లుతుందని నర్సు మా అబ్బాయికి గట్టిగా చెప్పి పంపింది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి కదలకుండా కూర్చోవద్దన్నారు. జడ్చర్లలో ఆపి, సంచి చేత్తో పట్టుకునే కాసేపు నడిచాను.

అంతకుముందు జరిగింది చాలా త్వరగా జరిగింది. షుగరు పరీక్షలతో పాటు పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్) పరీక్ష చేయిస్తే 11 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఎంఆర్ఐ, తర్వాత బయాప్సీ. క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే గ్లీసన్ స్కోరు 3+4 అన్నారు. ఎక్కువగా కనిపించిన కణాల తీరుకు మొదటి అంకె, దాని తర్వాతి రకానికి రెండోది. 4+3 కూడా ఏడే, కానీ అది ఇంకాస్త మొండిది. ఈ తేడా డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాకే నాకు గుండె కాస్త కుదుటపడింది.

ఇంటికొచ్చాక పొత్తికడుపు ఉన్నట్టుండి పట్టేసేది. పైపు ఉన్నా ఒంటికి వచ్చేస్తున్నట్టే ఉండేది. మూత్రాశయం ఆ పైపును బయటికి నెట్టాలని చూస్తుందట, దానికి మాత్ర ఉంది. మోషన్‌కు ముక్కితే సంచి ఎర్రబడేది. మా ఆవిడ భయపడి ఫోన్ చేస్తే, నీళ్లు బాగా తాగించమన్నారు. గడ్డలు పడి మూత్రం ఆగిపోయినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు. అప్పటినుంచి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తప్ప ఇంకేదీ పెట్టలేదు ఆమె. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, నిండు బిందె కూడా.

పైపు తీసిన సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. కుర్చీలోంచి లేస్తే కారడం, దగ్గితే కారడం, మనవరాలిని పిలిస్తే కారడం. మూత్రాన్ని పట్టి ఉంచే ఏర్పాటులో కొంత భాగం ప్రొస్టేట్‌తోనే పోతుంది. మిగిలిన కండరం ఒక్కటే ఆ పనంతా నేర్చుకోవాలి. గ్యాసు ఆపుకునేటప్పుడు బిగించేదే ఆ కండరం. ఐదు లెక్కపెట్టేదాకా బిగించడం, వదలడం, మధ్యలో ఊపిరి బిగబట్టకపోవడం. పైపు ఉన్నప్పుడు ఇది చేయకూడదు, తీశాకే మొదలుపెట్టాలి. లేచే ముందే బిగించాలని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పటినుంచి తేడా కనిపించింది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. భార్యాభర్తల సంబంధం తిరిగి కుదురుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టొచ్చని డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. అది ఇద్దరికీ కలిపి చెప్పడం ఎంత మేలు చేసిందో!

చూడడానికి వచ్చినవాళ్లతో ఇంట్లో అందరూ ‘గడ్డ తీశారు’ అనేవాళ్లు. నేను ప్రొస్టేట్ క్యాన్సర్ అనే చెప్పాను, ప్యాడ్ పెట్టుకుంటున్నానని కూడా చెప్పాను. ఒకరోజు నాతో హైస్కూల్లో పనిచేసిన లెక్కల సారు, అందరూ వెళ్లేదాకా కూర్చుని గొంతు తగ్గించాడు. “సార్, నాకు రెండేళ్లుగా ఒంటికి ఆగదు. ఇంట్లో చెప్పలా.” రెండేళ్లు! పెళ్లిళ్లకు పోవడం మానేశాడట, బస్సు ఎక్కడం మానేశాడట. మన మగవాళ్లం షుగరు గురించి బజార్లో నిలబడి మాట్లాడతాం, దీని గురించి డాక్టరు ముందు కూడా నోరు విప్పం. ఇది మారాలి.

తీసిన గ్రంథిని ముక్కలుగా కోసి మైక్రోస్కోపు కింద చూడాలి కాబట్టి రిపోర్టు ఆలస్యమవుతుంది. ఆ రోజుల్లో ఫోన్ మోగినప్పుడల్లా ఇల్లంతా నా మొహం చూసేది. సాయంత్రాలు కేసీ కాలువ గట్టున నడిచేవాణ్ణి. “నాయనా, ఈరోజు కొంచెం దూరం పోదాం” అని అబ్బాయి వెంట వచ్చేవాడు, రిపోర్టు మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

చివరికి వచ్చింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు. వీర్యకోశాల్లో లేదు, లింఫ్ గ్రంథుల్లో లేదు. ఒకచోట మాత్రం గ్రంథి పైపొరను దాటింది. అందుకే నాకు పీఎస్ఏ ముఖ్యం. పాత పీఎస్ఏ రక్తంలోంచి పోవడానికి సమయం కావాలి, ఆరు వారాలు దాటాకే పరీక్ష. 0.1 కంటే తక్కువ ఉంటే మంచిది. తర్వాతెప్పుడైనా 0.2కి చేరి, మళ్లీ చేసినా అలాగే ఉంటే రేడియేషన్ గురించి మాట్లాడతారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించమన్నారు, అంకెలు పోల్చడానికి.

నా రక్తం ఇచ్చేది వచ్చే సోమవారం. అంతకంటే ముందు, ఈ గురువారం, లెక్కల సారును యూరాలజిస్టుకు చూపిస్తున్నాను. వాళ్లావిడ కూడా వస్తున్నారు.