మా వాడి లాప్‌టాప్, తెనాలి తాతయ్య

ఇక్కడ అమెరికాలో పెరిగే పిల్లలకు తాతయ్యలతో, అమ్మమ్మలతో మాటలు త్వరగా అయిపోతాయి. "తిన్నావా నాన్నా?" "తిన్నాను." "బాగా చదువుతున్నావా?" "ఆఁ." అంతే, ఫోన్ అమ్మ చేతికి వచ్చేస్తుంది. ప్రేమకు లోటేం లేదు, ఇద్దరూ కలిసి చేసే పనే ఉండదు. డాలస్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరిని కదిపినా ఇదే బాధ. మా ఇంట్లో ఆ పని ఒక పాడైన లాప్‌టాప్ వల్ల దొరికింది. లాప్‌టాప్ సంగతి కూడా కొంత వివరంగానే రాస్తాను, ఇలాంటి తిప్పలు చాలామందికి వస్తాయి కాబట్టి.

మా వాడు ఏడో తరగతి. ఒక శనివారం రాత్రి లాప్‌టాప్ తెరిచేసరికి వైఫై లేదు. సిగ్నల్ తగ్గడం కాదు, సెట్టింగ్స్‌లో వైఫై అన్న లైనే మాయమైంది. ఏరోప్లేన్ మోడ్, వీపీఎన్ మాత్రం ఉన్నాయి. సోమవారం స్కూల్లో ప్రాజెక్ట్ ఇవ్వాలి, వాడికి ఒకటే టెన్షన్. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా నాన్న వాట్సాప్ కాల్. చలికాలంలో మాకూ తెనాలికీ పదకొండున్నర గంటల తేడా. మాకు రాత్రి ఎనిమిదైతే నాన్నకు మర్నాడు ఉదయం ఏడున్నర, కాఫీ తాగి తీరిగ్గా కూర్చునే వేళ.

నాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేశారు. టకటకమని చప్పుడు చేసే స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో చేరి, తర్వాత మన దేశంలోనే తయారైన సీ-డాట్ డిజిటల్ ఎక్స్ఛేంజిలు చూసి, 2000 అక్టోబరులో డిపార్ట్‌మెంట్ బీఎస్‌ఎన్‌ఎల్ అయ్యాక రిటైరయ్యారు. లాప్‌టాప్ ఎప్పుడూ విప్పి చూడలేదు. కానీ ఫాల్ట్ పట్టుకోవడం ఆయన జీవితమంతా చేసిన పని. ఫోన్ డెడ్ అని కంప్లైంట్ వస్తే ముందు ఎండీఎఫ్ దగ్గర, అంటే ఊళ్ళోంచి వచ్చిన కేబుళ్ళు ఎక్స్ఛేంజి తీగలతో కలిసే చోట, లైన్ విడదీసి టెస్ట్ చేస్తారు. తప్పు లోపలుందా బయటుందా తేలాకే లైన్‌మన్ స్తంభం దగ్గరికి వెళ్ళేది.

"వైఫై పోయింది తాతయ్యా" అన్నాడు మా వాడు.

"పోయిందంటే? కనపడి కలవట్లేదా, అసలు కనపడట్లేదా? రెండూ వేరు నాన్నా."

ఎంత మంచి ప్రశ్నో తర్వాత అర్థమైంది. వైఫై పేర్లు కనపడి కనెక్ట్ కాకపోతే పాస్‌వర్డ్, రౌటర్, నెట్‌వర్క్ రీసెట్ లాంటివి చూడాలి. హార్డ్‌వేరే లేదని లాప్‌టాప్ అంటుంటే వాటి జోలికి వెళ్ళి లాభం లేదు. "ఇంట్లో మిగతావాళ్ళ ఫోన్లకి వస్తోందా?" వస్తోంది. అంటే రౌటర్ బాగానే ఉంది, తప్పు ఈ పెట్టెలోనే. "ఆ వైఫై భాగం ఇంకేమైనా పని చేస్తుందా?" మా వాడు నా ఫోన్‌లో వెతికి, బ్లూటూత్ కూడా సాధారణంగా అదే కార్డు మీద ఉంటుందని చెప్పాడు. బ్లూటూత్ మౌస్ కదిపి చూస్తే అదీ చచ్చిపోయింది. ఒకటే పోతే డ్రైవర్‌ని, అంటే ఆ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాలి, రెండూ ఒకేసారి పోతే అనుమానం కార్డు మీదికే వెళ్తుంది. లాప్‌టాప్‌లోని భాగాలన్నిటి జాబితా ఉండే డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలు కూడా చూపించమంటే వైఫై అడాప్టర్ పేరు వెలిసిపోయినట్టు కనిపించింది, పక్కన కోడ్ 45. ఈ హార్డ్‌వేర్ ప్రస్తుతం కంప్యూటర్‌కు కలిసి లేదని దానర్థం. వాడు ఫోన్ కెమెరా స్క్రీన్ వైపు తిప్పి చదువుతుంటే, అక్కడ నాన్న కళ్ళజోడు సర్దుకుని ఇంకా దగ్గరికి తెమ్మంటున్నారు.

"పూర్తిగా ఆపి పెట్టావా?" అని అడిగారు. చాలాసార్లు షట్‌డౌన్ చేశానన్నాడు. ఇక్కడొక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ స్థితిలో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే మళ్ళీ తెచ్చుకుంటుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనే పూర్తి షట్‌డౌన్. ఆ తర్వాత ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ని ముప్ఫై సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోయి, బిగుసుకుపోయిన కార్డు ఒక్కోసారి లేస్తుంది. మా వాడిదీ లేచింది! ప్రాజెక్ట్ అయింది.

కొన్నాళ్ళకు మళ్ళీ పోయింది. "వచ్చి పోయే ఫాల్టే అన్నిటికన్నా కష్టం. ఎప్పుడు పోతోందో రాసి పెట్టు" అన్నారు నాన్న. వాడు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాడు. మూత మూసి, నిద్రలోంచి లేపినప్పుడల్లా పోతోంది. అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే అనుమతి తీసేశారు. కొంత నయమైంది. తర్వాత స్టార్ట్ అవుతున్నప్పుడే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్ళి చూస్తే, అక్కడా వైర్‌లెస్ కార్డు లేదు. బయోస్ అనేది విండోస్ కంటే ముందు లేచేది. అక్కడే కనపడకపోతే డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. "ఎండీఎఫ్ ఇదేరా! తప్పు హార్డ్‌వేర్‌లో ఉంది" అని నాన్న గట్టిగా నవ్వారు. మా వాడు ఎండీఎఫ్ అంటే ఏంటని అడిగాడు. ఆ రోజు కాల్ గంట దాటింది.

నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది ఇదే. ఆదివారం తెలుగు క్లాసులో మా వాడికి చదవడం, రాయడం వచ్చాయి, ఆ టీచర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. మాట్లాడమంటే మాత్రం నోరు మెదపడు. ఇండియా వెళ్ళినప్పుడు చుట్టాలు వాడి యాస విని ముద్దొచ్చి నవ్వుతారు, వాడు ముడుచుకుపోతాడు. లాప్‌టాప్ దగ్గర వాడి యాసను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. తాతయ్యకు కావలసింది కార్డు ఏమంటోందో తెలియడం. తప్పుగా చెబితే మళ్ళీ అడుగుతారు, వాడు ఇంకోలా చెబుతాడు. ముందు, తర్వాత, అయితే, ఒకవేళ అంటూ పొడవాటి వాక్యాలు ఆ కాల్స్‌లోనే వాడి నోటి నుంచి విన్నాను. నేను పక్క గదిలోనే ఉండిపోయాను, పిలిచినా వెంటనే వెళ్ళలేదు. అమ్మ మధ్యలో ఉంటే పిల్లలు అమ్మకు ఇంగ్లిష్‌లో చెబుతారు, అమ్మ తాతయ్యకు తెలుగులో చెబుతుంది. ఆ సౌకర్యం తీసేయాలి.

తర్వాతి శనివారం మా ఆయన పక్కన కూర్చోగా, నాన్న ఫోన్‌లో చూస్తుండగా, వెనక మూత విప్పారు. ముందు లోపలి బ్యాటరీ కనెక్టర్ తీయించారు. కార్డు చాలా చిన్నది, వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30. ఒకటే స్క్రూ, ఆవగింజంత కనెక్టర్లతో రెండు యాంటెన్నా వైర్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. "పక్కకి వంచకు, నిటారుగా పైకి లాగు. ఏది ఎక్కడుందో ముందు ఫోటో తీసుకో" అన్నారు నాన్న. తీసి మళ్ళీ బిగించినా కార్డు లేవలేదు. కొత్తది కొనే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. కొన్ని లాప్‌టాప్‌లలో వైఫై చిప్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. కుదిరే వాటిలోనూ ఇంటెల్ ఏఎక్స్201 లాంటివి బోర్డు మీద దానికి తగిన ఇంటెల్ చిప్‌సెట్ ఉంటేనే పనిచేస్తాయి. ఏఎక్స్210కి ఆ షరతు లేదు. ఇదంతా వద్దనుకుంటే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ చాలు. మేం కొత్త కార్డే పెట్టాం. దానికి డ్రైవర్ దింపుకోవడానికి నెట్ కావాలి కదా, నా ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టారు, అంటే ఫోన్‌లోని నెట్‌నే లాప్‌టాప్‌కి ఇచ్చారు. వైఫై అన్న లైన్ తిరిగి రాగానే మా వాడు తాతయ్యా అని అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు కూడా లేచి ఉంటారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ నాతో పని లేకుండానే ఫోన్ చేసుకుంటున్నారు. మొన్న తెనాలి ఇంట్లో ఫైబర్ నెట్ పోతే, నాన్న మొబైల్ డేటా మీద నాకు కాకుండా వాడికే కాల్ చేశారు.

"రౌటర్ మీద ఎల్‌ఓఎస్, అంటే సిగ్నల్ పోయిందని, రాసిన దగ్గర ఎర్రగా వెలుగుతోందా తాతయ్యా?"

"వెలుగుతోంది నాన్నా."

"వెనకాల ఆకుపచ్చ కనెక్టర్ గట్టిగా ఉందా? వైర్ ఎక్కడైనా మడత పడిందా?"

నాన్న వంగి చూసి, అంతా బాగానే ఉందన్నారు.

"అయితే ఫాల్ట్ బయటే ఉంది. రౌటర్ ఆపి పెట్టినా రాదు, కంప్లైంట్ ఇచ్చేయండి."

మధ్యాహ్నం మనిషి వచ్చి చూస్తే, వీధి చివర స్తంభం దగ్గర ఫైబర్ తెగి ఉంది.