మా అమ్మాయికి రక్తం ఎందుకు నిలవలేదు

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. దానికి రక్తం త్వరగా ఆగని వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి ఉందని పోయిన ఏడాది బెంగళూరులో తేలింది. ఆ పేరు అంతకుముందు మా ఇంట్లో ఎవరూ వినలేదు. వ్యాధి మాత్రం మా అమ్మమ్మ కాలం నుంచీ మా ఇంట్లోనే ఉందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. రక్తం తక్కువగా ఉందని ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగే ఆడపిల్లలు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళ తల్లుల కోసం ఇది రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. అమ్మాయి పెద్దమనిషి అయినప్పటి నుంచీ నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు ఉండేది. మొదటి మూడు రోజులు గంటన్నరకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సిందే. రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడేవి. రాత్రి పరుపు మీద పాత చీర మడతపెట్టి వేసేదాన్ని. మా అమ్మ ఫోన్లో, "మనింటి ఆడోళ్ళకి అంతేలేమ్మా, నాకూ అట్లనే పోయేది" అనేది. అమ్మకి ముప్పై ఆరేళ్ళకే గర్భసంచి తీసేశారు, పిన్నికీ అంతే. మా వైపు అది వింత కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు ఎక్కువగా కనిపించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే.

పిల్ల డబ్బాలోంచి బియ్యం గుప్పెట్లో పోసుకుని నమిలేది. "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే" అని మా అత్తయ్య కసిరేది. ఒంట్లో ఐరన్ అడుగంటిన వాళ్ళకి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు తినబుద్ధవుతుందట. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4, ఫెరిటిన్ 5. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది 15 కంటే తగ్గితే నిల్వలు ఖాళీ అయినట్టే.

స్కానింగ్, థైరాయిడ్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు అన్నీ నార్మల్ వచ్చాయి. హార్మోన్లు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, ఐరన్ వాడండి అన్నారు. వాడితే హిమోగ్లోబిన్ పెరిగేది, ఆపితే కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వచ్చేది. ఓటికుండలో నీళ్ళు పోసినట్టుండేది మా పని.

దారి చూపింది ఒక పళ్ళ డాక్టరు. క్లిప్పులు వేయడానికి ఒక పన్ను తీస్తే మర్నాటికి కూడా చిగురు నుంచి రక్తం ఊరుతూనే ఉంది. ఆయన మళ్ళీ కుట్టు వేసి, రక్తం జబ్బులు చూసే హెమటాలజిస్టుకి చూపించమని చీటీ రాసిచ్చారు. ఆయన రుణం తీర్చుకోలేను.

హెమటాలజిస్టు మేడమ్‌ది చిత్తూరు వైపు. చాలాసేపు పరీక్షల మాటే ఎత్తలేదు, అడగడమే. ముక్కు నుంచి రక్తం కారుతుందా, ఎంతసేపు? తగలకుండానే కమిలిన మచ్చలు వస్తాయా? తడిసిన ప్యాడ్ల బొమ్మలున్న కాగితం ఇచ్చి, ఎలా తడుస్తుందో టిక్ పెట్టమన్నారు. పిల్ల సిగ్గుపడుతుంటే, "ఇందులో సిగ్గేముంది తల్లీ, ఇది కూడా జ్వరం చూసినట్టే" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ అమ్మగారికి గర్భసంచి ఎందుకు తీశారమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. గర్భసంచిలో కణితులేమీ లేవని, రక్తం ఆగక తీసేశారని చెప్పింది.

వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్, రక్తనాళం తెగిన చోట ప్లేట్‌లెట్లు అతుక్కునేలా చేస్తుంది. గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్‌ని కాపాడేదీ అదే. ఇది తక్కువైనా మామూలు పరీక్షలు నార్మల్‌గా రావచ్చు. విడిగా దీనికోసం అడిగి చేయించుకోవాలి. పైగా జ్వరం, టెన్షన్, ఏడుపు, పరుగు, వీటన్నిటికీ ఇది తాత్కాలికంగా పెరుగుతుంది. మేము ట్రాఫిక్‌లో ఇరుక్కుని హడావిడిగా వెళ్ళాం, సూది చూసి పిల్ల ఏడ్చింది. ఫ్యాక్టర్ 56 వచ్చింది. నార్మల్ అని ఊరుకోకుండా మేడమ్ మళ్ళీ రమ్మన్నారు. ఈసారి కాసేపు కూర్చోబెట్టి, ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలోనే తీయించారు. ఇంటికొచ్చి తీసుకెళ్ళే వాళ్ళు రక్తాన్ని ఐసు డబ్బాలో పెడితే, చల్లదనానికి ఫ్యాక్టర్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుందట. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం నిండిందో లేదో నర్సు వెలుతురుకి పెట్టి చూసింది. రిపోర్టు 37. 'ఓ' బ్లడ్ గ్రూపు వాళ్ళకి మామూలుగానే కొంత తక్కువ ఉంటుంది, మా అమ్మాయిదీ 'ఓ' గ్రూపే. అయినా 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30కీ 50కీ మధ్య ఉండి, ఇలా రక్తం పోతుంటే, దీన్ని వ్యాధిగానే చూడాలి.

ఆ రాత్రి ఈ వ్యాధి గురించి చదివాను. 1924లో ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు దగ్గరికి ఆలాండ్ దీవుల నుంచి హ్యోర్డిస్ అనే ఐదేళ్ళ పాపను తెచ్చారు. ఆయన ఆ కుటుంబంలో ఎవరెవరికి రక్తం ఆగదో ఆరా తీసి, 1926లో వ్యాసం రాశాడు. రక్తం గడ్డకట్టని మరో జబ్బు హిమోఫీలియా ఎక్కువగా మగవాళ్ళకే వస్తుంది, ఇది మాత్రం ఆడవాళ్ళకీ వస్తోందని గమనించాడు. ఆ పాప పదమూడేళ్ళకి, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. పక్కన నిద్రపోతున్న నా బిడ్డని చూసుకుంటూ అది చదవడం ఎంత కష్టమో చెప్పలేను.

మందు ఖరీదైనది కాదు. నెలసరి మొదలైన రోజు నుంచి కొన్ని రోజులు ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు. కట్టిన రక్తపు గడ్డ త్వరగా కరిగిపోకుండా ఇది ఆపుతుంది. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లులని కాపాడాలని జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త షోసుకే పరిశోధన చేసి, 1962లో దీన్ని ప్రకటించారు. అరవై ఏళ్ళుగా ఉన్న మాత్ర మా అమ్మ దాకా చేరలేదే అని నాకు బాధ.

ఐరన్ ముందు సెలైన్‌లో ఎక్కించారు, తర్వాత మాత్ర రోజు మార్చి రోజు. మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, మర్నాటి ఐరన్‌ని పేగులు సరిగా పీల్చుకోకుండా అడ్డుకుంటుందట. ఐరన్ తక్కువైన ఆడవాళ్ళలో రోజు విడిచి రోజు ఇస్తేనే ఎక్కువ ఒంటబడుతుందని జ్యూరిక్ పరిశోధకులు 2017లో చూపించారు. టీ, కాఫీలకి దూరంగా, నిమ్మరసంతో వేస్తున్నాను. ఇప్పుడు హిమోగ్లోబిన్ 12.6. బియ్యం డబ్బా వైపు చూడడం లేదు.

ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాడకూడదనీ, పన్ను తీయాలన్నా ఆపరేషన్ చేయాలన్నా ముందుగా చెప్పాలనీ మేడమ్ రాసిచ్చిన కాగితం జిరాక్స్ తీసి స్కూల్లో ఒకటిచ్చాను. అమ్మకీ పరీక్ష చేయిస్తే 61 వచ్చింది. వయసుతో పాటు ఈ ఫ్యాక్టర్ పెరుగుతుంది కాబట్టి, ఆమెకి లేదని దాన్నిబట్టి చెప్పలేమన్నారు. మా తమ్ముడి కూతురికి తొమ్మిదేళ్ళు, తరచూ ముక్కు నుంచి రక్తం వస్తుంది. దసరా సెలవుల్లో పిల్లని ఇక్కడికే తీసుకురమ్మని, రక్తం అక్కడ తీయించి పంపొద్దని వాడికి చెప్పాను.