నిలబడి తినే బండి

అక్టోబరు చివరి శనివారం, కొలంబస్

రాత్రికి 26 ఫారెన్‌హీట్‌కు పడిపోతుందని ఫోన్ రెండు రోజులుగా మొత్తుకుంటోంది. అంటే సున్నా సెల్సియస్‌కు కిందే. ఒహాయోలో ఈ ఏటికి ఇదే మొదటి గట్టి చలి. ఇంట్లో హీటర్ వేసుకుని మనం దుప్పట్లో దూరొచ్చు. ఊరి చివర, బండ్లు అద్దెకు నిలుపుకునే స్టోరేజీ లాట్‌లో మా ఆర్వీ ఉంది, అంటే వంటిల్లూ బాత్రూమూ ఉన్న ఇంటిబండి. దాని పైపుల్లోని నీళ్ళకు ఆ భాగ్యం లేదు. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, ఉబ్బితే పైపో ట్యాపో పంపో ఏదో ఒకటి పగులుతుంది. పగిలిన సంగతి ఇప్పుడు తెలీదు. ఏప్రిల్లో ట్యాంకు నింపి మోటార్ వేసినప్పుడు నేలంతా తడిసి తెలుస్తుంది. అందుకని ఇవాళ వేరే పనేదీ పెట్టుకోకుండా దాన్ని వింటరైజ్ చేయడానికి, అంటే చలికాలానికి సిద్ధం చేయడానికి బయల్దేరాను. షాపులో ఇస్తే చేస్తారు గానీ, 30 డాలర్లలోపు సరుకుతో అయిపోయే పనికి 200 దాకా తీసుకుంటారు.

ఆ లాట్‌కు నెలకు 95 డాలర్లు కడుతున్నాం. మా కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఇంత బండిని ఇంటి ముందు ఒక్క రాత్రికి మించి ఉంచనివ్వరు. ఆర్వీ కొనాలనుకునేవాళ్ళు ఎవరైనా నన్నడిగితే, ముందు బండి చూడకండి, బండి పెట్టుకునే చోటు చూసుకోండి అంటాను. మేం ఉంచుతున్నది పైకప్పు లేని చోటు. షెడ్డు కావాలంటే దాదాపు రెట్టింపు. ఎండా, మంచూ, వానా అన్నీ దాని నెత్తి మీదే.

తాళం తీయగానే నేను చేసే మొదటి పని వాసన చూడడం. పాత ఆర్వీ కొనేవాళ్ళలో చాలామంది ఇంజన్ స్టార్ట్ చేసి వింటారు, మీటర్‌లో మైళ్ళు చూస్తారు. ఇంజన్‌దేముంది, మాది ఫోర్డ్ వీ10, ఈ-450 ఛాసిస్. ఇదే ఛాసిస్ మీద షటిల్ బస్సులు కూడా తిరుగుతాయి, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. భయపడాల్సింది వెనకున్న ఇంటి గురించి. పలచటి ప్లైవుడ్, ఫోమ్, పైన ఫైబర్‌గ్లాస్ రేకు, ఈ మూడూ జిగురుతో అతికించిన గోడలవి. పైకప్పు మీద ఎక్కడో వెంట్రుకవాసి సందులోంచి నీళ్ళు దిగితే ఆ జిగురు వదిలేస్తుంది, గోడ బుడగలా లేస్తుంది. దాన్నే డీలామినేషన్ అంటారు. ఇంజన్ రిపేరుకు ఒక లెక్కుంటుంది, నానిన చెక్కకు లెక్కే ఉండదు. ఇవాళ్టికి కార్పెట్ వాసన, పోయినసారి వేసిన పోపు వాసన తప్ప ఏమీ లేవు. హమ్మయ్య అనుకున్నాను.

ముందు మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి, బండి అడుగున ఉన్న రెండు డ్రెయిన్లు తెరిచాను. తర్వాత వాటర్ హీటర్. ప్రెషర్ వదిలేసి ప్లగ్ విప్పితే ఆరు గ్యాలన్ల నీళ్ళు, వాటితో పాటు అడుగున చేరిన తెల్లటి సున్నం పెచ్చులు దూకుతూ వచ్చాయి. ఆ ప్లగ్‌కే యానోడ్ రాడ్ అతికి ఉంటుంది. మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు ఇనుముకు తుప్పు పట్టకుండా ఆ తుప్పంతా తనే తీసుకుని కరిగిపోవడం దాని ఉద్యోగం. కొత్తదైతే బొటనవేలంత లావుంటుంది. ఇవాళ చేతికొచ్చింది సగానికి పైగా అరిగి, గుంటలు పడి, ఒకచోట లోపలి తీగ బయటపడి ఉంది. కొత్తది 20 డాలర్ల లోపే. ఇది మార్చడం మర్చిపోతే తర్వాత మార్చాల్సింది హీటరునే, అది కొన్ని వందలు.

హీటర్‌లోకి ఏమీ పోకుండా బైపాస్ వాల్వ్ తిప్పి, పంపు గొట్టాన్ని యాంటీఫ్రీజ్ డబ్బాలో ముంచి పంపు వేశాను. ఇది కారు రేడియేటర్లో పోసే విషం కాదు, పైపులు చలికి పగలకుండా పోసే, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన గులాబీ రంగు ద్రవం. వేడినీళ్ళ ట్యాపు, చన్నీళ్ళ ట్యాపు, ఒక్కోటీ గులాబీ రంగు వచ్చేదాకా తెరిచి కట్టేయడమే. వంటింటి సింకు, బాత్రూం సింకు, షవర్, టాయిలెట్, ఆఖర్న బయట వైపు కాళ్ళు కడుక్కునే షవర్. అందరూ మర్చిపోయేది ఆ చివరిదే, పగిలేదీ అదే. బైపాస్ ఉంది కాబట్టి మూడు గ్యాలన్లలోపే సరిపోయింది, లేకపోతే ఇంకో ఆరు గ్యాలన్లు ఆ హీటర్ కడుపులోకే పోయేవి. ప్రతి సింకు గొట్టం వంపులోనూ ఒక కప్పు పోసి, ఫ్రిజ్ తలుపు బూజు పట్టకుండా కాస్త తెరిచి ఉంచాను.

తర్వాత జనరేటర్ వేశాను. దీన్ని వాడినా వాడకపోయినా నెలకోసారి రెండు గంటలు, అదీ ఊరికే కాదు, హీటర్ లాంటి లోడ్ పెట్టి నడపాలని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంటుంది. లేకపోతే కార్బరేటర్‌లో పాత పెట్రోలు జిగురుకట్టి మొరాయిస్తుంది. పెట్రోలు పావు ట్యాంకు కంటే తగ్గితే జనరేటర్‌కు అందదు. చీకట్లో కరెంటు కోసం ఉన్నదంతా కాల్చేసి తెల్లారి దారిలో ఆగిపోకుండా చేసిన ఏర్పాటది. కాబట్టి నిలబెట్టిన బండిలోనూ ఎప్పుడూ ట్యాంకు నింపే ఉంచాలి. మాది 55 గ్యాలన్ల ట్యాంకు. నింపిన ప్రతిసారీ కార్డు మీద 150 డాలర్లు పోతాయి.

జనరేటర్ నడుస్తుండగానే తెనాలి నుంచి నాన్న వీడియో కాల్. అక్కడ రాత్రి తొమ్మిదవుతోంది.

"ఆ చప్పుడేంట్రా, ఇంజన్ మిస్సవుతోందా?"

ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరైన మనిషి. ఏ మోటారు చప్పుడు విన్నా ముందు అనుమానమే. జనరేటర్ అని చెప్పి, కెమెరా తిప్పి బండంతా చూపించాను.

"కేఎంపీఎల్ ఎంత?"

మైళ్ళను కిలోమీటర్లలోకి, గ్యాలన్లను లీటర్లలోకి మార్చి చెప్పాను. గ్యాలన్‌కు ఎనిమిదిన్నర మైళ్ళు, అంటే లీటరుకు మూడున్నర కిలోమీటర్లు.

"మన పల్లెవెలుగు యాభైమందిని ఎక్కించుకుని ఐదు ఇస్తుంది కదరా. నీ బండిలో ఎందరు?"

"నలుగురం, నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం ఇన్నాళ్ళుగా ఇక్కడ ఎవరూ నన్ను అడగలేదు. "ఆయిల్ సంగతి వదిలెయ్యి, మొత్తం సీపీకే ఎంత పడుతోంది?" సీపీకే అంటే కిలోమీటరుకు ఖర్చు. డిపోలో బండి లాభమో నష్టమో దాంతోనే తేలుతుందట. తిరిగినా తిరక్కపోయినా పడే ఖర్చంతా ఒక పక్క, తిరిగితేనే పడేది ఇంకో పక్క రాసి, మొత్తాన్ని కిలోమీటర్లతో భాగించాలి. "సాయంత్రం లెక్క వేసి పంపు" అని పెట్టేశాడు. హోంవర్క్ ఇచ్చినట్టే.

నిచ్చెన వేసుకుని పైకెక్కాను. మాది రబ్బరు రూఫ్, ఈపీడీఎం షీటు. షీటు చాలా ఏళ్ళు బాగానే ఉంటుంది, కారేది ఎక్కువగా అతుకుల దగ్గరే. ఫ్యాన్ చుట్టూ, ఏసీ చుట్టూ, యాంటెన్నా మొదట్లో, ముందు అంచున వేసిన సీలెంట్ ఎండకు బీటలు తీస్తుంది. ఏడాదికి రెండుసార్లు పైకెక్కి వేలితో నొక్కి చూసుకోవాలి. బాత్రూం ఫ్యాన్ పక్కన ఒకచోట గోరు దిగింది. పాతది గీకి, తుడిచి, డైకార్ కంపెనీ సీలెంట్ ట్యూబుతో పోశాను. అది తేనెలా కారి తనంతట తనే సమంగా పరుచుకుంటుంది. ట్యూబు ధర ఓ 15 డాలర్లు. ఆర్వీ మీద నేను పెట్టే డబ్బంతటిలోకీ మనసొప్పి పెట్టేది ఇదొక్కటే.

దిగొచ్చి టైర్లు చూశాను. ఇక్కడ ఉసూరుమనిపించింది. ఆరు టైర్లు, వెనకాల జంట చక్రాలు. పైన గాళ్ళు ఇంకా లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. కానీ మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్కగోడ మీద టార్చ్ వేస్తే, డాట్ (DOT) అన్న అక్షరాల వరస చివర చిన్న పెట్టెలో నాలుగంకెలు: 1419. అంటే 2019లో 14వ వారం తయారీ. రిమ్ము అంచు పొడుగునా సన్నటి నెర్రెలు. ఆర్వీ టైర్లు అరిగి పోవడం అరుదు, వయసై పోతాయి. ఇన్ని వేల పౌన్ల బరువు మోస్తూ ఒకేచోట నెలల తరబడి ఎండలో నిలబడితే రబ్బరు లోపల్నుంచి పాడవుతుంది. హైవే మీద ఒకటి పేలిందంటే టైరుతో పోదు, అడుగున ఉన్న పైపులూ, ఫెండరూ చీరుకుపోతాయి. ఆరూ మార్చాలి. మొన్న ఒక షాపువాళ్ళు బిగింపుతో కలిపి 1,380 అన్నారు. అందంగా ఉన్న టైర్లకు అంత డబ్బు పోయడానికి ఎవరికైనా చెయ్యి రాదు, నాన్నకైతే అసలు రాదు. రీట్రెడ్ చేయించమంటాడని, అంటే పాత టైరు మీదే కొత్త రబ్బరు వేయించమంటాడని, ఫొటో పంపలేదు.

ఆఖర్న బ్యాటరీలు. ఛార్జ్ నిండుగా ఉన్న బ్యాటరీ ఇక్కడి చలిని తట్టుకుంటుంది, దిగిపోయింది గడ్డకట్టి పగులుతుంది. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ డిటెక్టరు, రేడియో గడియారం కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటాయి. అందుకే వైరు ఊడదీసి, రెండింటినీ కారు డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. గ్యారేజీలో పెట్టి డిస్టిల్డ్ వాటర్ పోశాను.

భోజనాలయ్యాక మా ఆవిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. బిల్లులన్నీ ఉన్న ఫైలు ఆమెదే, నాకు రాసిపెట్టుకునే అలవాటు లేదు. నిలబెట్టినా పడేవి ముందు చెప్పమంది. స్టోరేజీ ఏడాదికి 1,140. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపి 950. టైర్ల ధరను ఆరేళ్ళకు పంచితే ఏటా 230. బ్యాటరీల వంతు 65. ఇంజన్ ఆయిలు, జనరేటర్ ఆయిలు, ఫిల్టర్లు, సీలెంటు, యాంటీఫ్రీజ్ ఓ 400. ఈ ఏడు ఫ్రిజ్ బోర్డు పోయి 600 అయింది, అందులో లేబరే ఎక్కువ. గంటకు 170 డాలర్లు తీసుకునే షాపులో మెకానిక్ తలుపు తీసి చూడడానికే గంటయ్యింది. అన్నీ కలిపితే 3,385. ఈ ఏడు మేం తిరిగింది సుమారు 2,500 మైళ్ళు. మైలుకు డాలరు ముప్పై ఐదు సెంట్లు, పెట్రోలు చుక్క పోయకముందే. పెట్రోలు కలిపితే మరో ముప్పై ఐదు, మొత్తం డాలరు డెబ్భై.

మేం నాలుగేళ్ళుగా బంకు దగ్గర మీటరు చూసి గుండెలు బాదుకుంటున్నది ఆ రెండో ముప్పై ఐదు సెంట్ల గురించి. మొదటి డాలరు ముప్పై ఐదు గురించి ఎవరమూ ఒక్కరోజు కూడా నోరెత్తలేదు, అది బండి కదలకుండానే ఆటోపేలో పోతుంది కాబట్టి.

"అద్దెకు తీసుకుంటే పోదా?" అంది. మంచి ప్రశ్నే. ఇదే సైజు బండి అద్దెకు రాత్రికి దాదాపు 200, మైళ్ళకు విడిగా. ఏడాదికి రెండు వారాల లోపు తిరిగేవాళ్ళకు అద్దే నయం, నేను వాదించను. అయితే అద్దెబండిలో ఇంగువ పోపు పెడితే క్లీనింగ్ ఫీజు వేస్తారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ వచ్చినప్పుడు, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి దారిలో ఏ రెస్ట్ ఏరియాలోనూ దిగనవసరం లేకుండా తీసుకెళ్ళింది ఈ బండే. ఆ లాభం ఏ వరసలో రాయాలో ఫైల్లో లేదు. ఈ మాట పైకి అంటే, "మీ అమ్మగారు వచ్చేది రెండేళ్ళకోసారి" అంటుంది. నిజమే కాబట్టి అనలేదు. అమ్మితే వచ్చేదీ తక్కువే. తరుగుదలలో పెద్ద భాగం మొదటి ఓనరు భరించేశాడు, మేం కొన్న ధర నుంచి మరీ పడలేదు గానీ, టైర్లు మార్చకుండా ఎవరూ ముట్టుకోరు.

ఆమె అంకె ఒకటి మార్చి చూపించింది. 2,500 బదులు 5,000 వేస్తే మొత్తం మైలుకు డాలరుకు దగ్గరగా దిగింది. పాప వెంటనే గ్రేట్ స్మోకీస్, మామత్ కేవ్ అని నేషనల్ పార్కుల పేర్లు చదవడం మొదలెట్టింది. దాని దృష్టిలో ఇది పొదుపు పథకం.

నాన్నకు పంపాను: కిలోమీటరుకు డాలరు ఆరు సెంట్లు, అంటే తొంభై రూపాయల పైమాటే. అక్కడ తెల్లవారుజామున లేచి చూసినట్టున్నాడు, ఒక్క లైను జవాబు. "మా డిపోలో అయితే కండెమ్ చేసి తుక్కుకు పంపేవాళ్ళం. సర్వీసులు పెంచు."

టైర్లు ఇప్పుడే కొనను. నవంబరులో కొన్నా అవి కూడా ఐదు నెలలు అక్కడ నిలబడి ముసలివవుతాయి. మార్చి చివర్లో షాపుకు ఫోన్ చేయాలి. బండి ఎత్తు, బరువు ముందే చెప్పాలి, లేకపోతే వెళ్ళాక మా లిఫ్టుకు ఆనదంటారు. స్టాకులో ఉన్న టైర్ల మీద ఏ వారం అచ్చయి ఉందో కూడా అడగాలి. ఏడాదిన్నర గోడౌన్‌లో పడున్నవాటిని కొత్తవని అంటగడితే తీసుకునేది లేదు.